కారం చేతులు

ఆ ఏడు మిరప కోత మొదలయ్యే ముందు మోతీ బడిలో ఇంకో పిల్లను కరిచింది. మోతీ మా అన్న కూతురు. నాలుగు నిండి ఐదు నడుస్తోంది. కరవడం మొదటిసారి కాదు. కానీ ఈసారి చెంప మీద కరిచింది, గాట్లు పడ్డాయి.

టీచర్ నాగలత గేటు దగ్గరే వదినను ఆపింది. ఆమెది మధిర వైపు. మాట మెత్తగానే ఉంటుంది.

"సువర్ణా, నాకూ పిల్లలున్నారు, నీ బాధ తెలుసు. కానీ ఆ పాప వాళ్ల నాన్న పొద్దున్నే వచ్చి గొడవ చేశాడు. ఉగాది దాకా ఇంటి దగ్గర ఉంచుకో. తర్వాత తీసుకురా. అప్పుడు కూడా కరిస్తే మాత్రం నేను పెట్టుకోలేను."

వదిన తల ఊపింది. బడి ఉన్న కారేపల్లి నుంచి మా తండాకు ముగ్గురం ఆటోలో వస్తున్నంతసేపూ మోతీ మణికట్టు వదల్లేదు. దిగాక నాతో మెల్లగా అంది.

"ఇంట్ల గింత పద్ధతిగ పెంచుతున్న. గీ కరుసుడు యాడికెళ్లి వచ్చింది సరళా?"

పద్ధతిగా పెంచుతోందన్నది మాత్రం నిజం. నీళ్ల వేడి మోచేత్తో చూడనిదే స్నానం చేయించదు. జడ ఎంత బిగించి వేస్తుందంటే మోతీ కళ్లు చివర్లకు సాగేవి. అన్నం పెట్టేటప్పుడైతే మోతీ మఠం వేసుకుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చోవాలి. వదిన కలిపి ముద్ద చేసి అందించేది.

"నోరు తెరువ్. నమలు. మంచిగ నమలు. మింగు. ఏదీ, చూపెట్టు."

మోతీ నోరు తెరిచి చూపించేది. ఎప్పుడైనా తానే కంచం వైపు వేళ్లు చాపితే వదిన ఒక్కటే మాట అనేది.

"చెయ్యి."

ఆ చెయ్యి తిరిగి మోకాలి మీదికి పోయేది.

మా అమ్మ సోమ్లి చూసి చూసి ఒక రోజు అంది. "గా పిల్లకు చేతులు దేనికిచ్చిండే దేవుడు? మోకాళ్ల మీద పెట్టుకునేటందుకా?"

"నీ కొడుకును నీ ఇష్టమొచ్చినట్టు పెంచినవ్ గద అత్తమ్మా. ఇయ్యాల్టికీ తిన్న తలె తియ్యడు."

మూల కూర్చుని తింటున్న మా అన్న శ్రీను తన కంచం పట్టుకుని బయటికి వెళ్లాడు. అమ్మా వదినా ఇద్దరూ నవ్వారు. మోతీ నవ్వలేదు. ఆమె నోట్లో ముద్ద ఉంది.

వదిన కఠినురాలు అంటే నేను ఒప్పుకోను. మోతీ ఏడో నెలలోనే పుట్టింది. ఖమ్మం దవాఖానాలో గాజుపెట్టెలో ఉంచారు. ఆ రోజుల్లో వదినకు సద్ది తీసుకుపోయింది నేనే. ఆమె గాజుకు మొహం ఆనించి నిలబడి ఉండేది. "ఊపిరి తీసుకుంటున్నది. చూడు సరళా, తీసుకుంటున్నది" అని నాకు చూపించేది. పిల్ల ఇంటికి వచ్చింది, నడిచింది, పరుగెత్తింది. వదిన మాత్రం ఆ గాజు దగ్గర నుంచి ఇంకా కదల్లేదేమో అనిపించేది నాకు.

*

మాఘమాసంలో మా వైపు చేలన్నీ ఒక్కసారే ఎర్రబడతాయి. కోసే మనుషులు దొరకరు. అప్పటిదాకా బిడ్డ కోసమని చేనుకు రాని వదిన కూడా ఆ ఏడు కొంగు బిగించక తప్పలేదు. మా చేను అడవి అంచున ఉంది. గట్టు దాటితే టేకు చెట్లే.

మిరప కోతలో మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పిల్లల తల్లులు కోతకు వస్తే, ఒక మనిషి ఆ రోజంతా కాయ ముట్టదు. నీళ్లు పోయడం, సద్దిమూటలు విప్పడం, పిల్లల ముక్కులు తుడవడం, కోసేవాళ్ల వీపు దురద పెడితే గోకడం కూడా ఆమె పనే. ఆమెను మంచి చేతులామె అంటారు. సన్నకాయ తొడిమ విరిచేకొద్దీ కారం తోలులోకి దిగుతుంది. సబ్బుకు పోదు. ఆముదం రాసుకున్నా, మజ్జిగలో ముంచుకున్నా తెల్లారేదాకా మండుతూనే ఉంటుంది. ఆ చేతులతో పిల్లను తాకితే అంతే సంగతులు.

ఆ ఏడు మంచి చేతులు నావి. పక్క ఊరి నుంచి కోతకు వచ్చే ముత్తక్కే ఆ మాట తేల్చింది. "సరళను పెట్టుండ్రి. నోట్ల మాట లేదు, పిల్లలు బెదరరు."

వదిన నాకు దారి పొడవునా జాగ్రత్తలు చెప్పింది. మోతీ టోపీ తీయకూడదు. మట్టిలో కూర్చోకూడదు. మిగతా పిల్లల సీసాలో నీళ్లు తాగకూడదు. అన్నం నేనే పెట్టాలి, మింగిందో లేదో చూడాలి. అన్నిటికీ సరేనన్నాను.

కానీ నా దగ్గర ముగ్గురు చంటిపిల్లలు, ముత్తక్క మనుమరాలు బాలి, మోతీ. ఉన్నవి రెండు చేతులు.

సాలులో వంగి కోస్తూనే వదిన కేకలు వేసేది. "సరళా, టోపీ ఏది? మోతీ, లేవ్. మోతీ, గటు పోకు. మోతీ, కూసో. గట్ల కాదు, మంచిగ కూసో."

"ఓ సువర్ణా, నువ్ కాయ కోస్తున్నవా, రైలు నడుపుతున్నవా? కూత ఆపుతనే లేవు" అంది ముత్తక్క.

"నీ మనుమరాలు మట్టి తింటున్నది, చూసుకో అక్కా."

"తిననియ్. నేను గూడ తిన్న. గందుకే నీకన్న రెండు సాళ్లు ముందలున్న."

ఆడవాళ్లు నవ్వారు. వదిన నవ్వుతూనే ఇంకో కేక వేసింది. "సరళా, దాన్ని మట్టిలకెళ్లి లేపు." నేను వెళ్లి మోతీ మణికట్టు పట్టుకుని లేపబోయాను. మోతీ నా ముంజేతిలో పళ్లు దించింది.

కరిచాక పారిపోలేదు. అక్కడే నిలబడి నా మొహంలోకి చూస్తోంది. పడబోయే దెబ్బ కోసం భుజాలు పైకి లాక్కుంది. అంతలో చంటిది ఒకటి ఏడ్చింది. నేను మోతీని వదిలేసి దాని దగ్గరికి పోయాను.

"ఏమైంది?" దూరం నుంచి వదిన.

"ఏం కాలే" అని చొక్కా చేతులు కిందికి లాక్కున్నాను. ఎండకు చీర మీద అన్న పాత చొక్కా తొడుక్కునేదాన్ని, అది పనికొచ్చింది.

తిరిగి చూస్తే మోతీ ఆ మట్టిలోనే కూర్చుని, తన చేతిని తానే నోట్లో పెట్టుకుని మెల్లగా నొక్కి చూసుకుంటోంది.

*

ఒక మధ్యాహ్నం ఎండిన కాయ ఘాటు గాలికి ఇటు తిరిగింది. మోతీ తుమ్మింది, ముక్కు కారింది. నేను చేనుకు అటు చివర నీళ్లు పోస్తున్నాను. వదిన ఆగలేకపోయింది. సాలు వదిలి వచ్చి కొంగుతో మోతీ మొహం తుడిచింది. పొద్దుటి నుంచి కాయలు వేసుకుంటున్న కొంగు అది.

మోతీ అరుపు విని నేను బిందె అక్కడే వదిలి పరుగెత్తాను. కళ్లు గట్టిగా మూసుకుని నేల మీద కొట్టుకుంటోంది. వదిన ఎత్తుకోబోయింది.

"ముట్టకు" అంది ముత్తక్క. "సువర్ణా, చేతులు దూరం పెట్టు."

వదిన రెండు చేతులూ గాలిలోకి ఎత్తి నిలబడిపోయింది. నేను నీళ్లతో కడిగాను, చంటిపిల్ల సీసాలో పాలు కళ్లల్లో పోశాను, మళ్లీ కడిగాను. అంతసేపూ వదిన అక్కడే ఉంది. ఏడుస్తోంది. ఆ కన్నీళ్లు తుడుచుకోవడానికి కూడా ఆమెకు చెయ్యి లేదు.

మోతీ కళ్లు సాయంత్రానికి తేటపడ్డాయి. కానీ ఆ రోజు నుంచి వదినకు తన చేతులంటే భయం పట్టుకుంది. ఇంటికి రాగానే ఆముదం రాసుకునేది, కడుక్కునేది, వేలి కొస నాలుకకు తాకించి చూసుకునేది. "ఇంక ఉన్నది" అని మళ్లీ కడుక్కునేది.

ఆ రాత్రి అన్నాలప్పుడు మోతీ అలవాటు ప్రకారం మఠం వేసుకుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చుంది. తినిపించడానికి నేను లేవబోతే అమ్మ కన్నుతో వద్దంది. కంచం తీసుకెళ్లి మోతీ ముందు పెట్టింది.

మోతీ వాళ్ల అమ్మ వైపు చూసింది. వదిన తన చేతుల వైపు చూసుకుంది.

"తిను" అంది.

మోతీ ఒక మెతుకు తీసింది. ఇంకోటి తీసింది. తర్వాత గుప్పెడు తీసింది. పప్పు మోచేతిదాకా కారింది. ముక్కు మీద అన్నం, ఒళ్లో అన్నం, కంచం చుట్టూ అన్నం.

వదిన గోడ వైపు తిరిగి కూర్చుంది. "నేను చూడలేను అత్తమ్మా."

"చూడకు" అంది అమ్మ. "ఎవరు చూడమన్నరు?"

*

అడవిలోంచి కోతులు మా సద్దిమూటల కోసం దిగేవి. ఒక రోజు గట్టు మీద ఒకటి కనబడగానే మోతీ స్టీలు గిన్నె మూత తీసుకుని గరిటతో టంగుటంగుమని వాయించింది. కోతి చెట్టెక్కింది. ఆడవాళ్లందరూ లేచి చూశారు.

"కాపలామె దొరికింది. ఇగ మన సద్ది మనకే" అంది ముత్తక్క.

మోతీ మొహం విప్పారడం నేను చూశాను. మరునాడు చేనుకు రాగానే మూతా గరిటా అడిగి తీసుకుంది. మూటల పక్కన ఎండలో నిలబడి చెట్ల వైపే చూస్తూ ఉండేది. టోపీ ఎక్కడో పడేసింది. బాలి ఆమె వెనకే తిరిగేది.

గరిట కోసం ఇద్దరికీ పంచాయతీ వచ్చింది. చెరో కొస పట్టుకుని లాగుతున్నారు. మోతీ నోరు బాలి చేతి దాకా వెళ్లింది. నేను చంటిదాన్ని ఒళ్లో పెట్టుకుని ఉన్నాను, లేవలేను. సాలులో వదిన నడుము ఎత్తి నిలబడింది. ఒక అడుగు వేసింది. చేతులు చూసుకుని ఆగిపోయింది.

మోతీ పళ్లు బాలి చేతి మీద ఆనాయి. ఆ తర్వాత ఏమనుకుందో, నోరు తీసేసి, గరిట వదిలేసి, నేల మీద కూలబడి పెద్దగా ఏడ్చింది. చేను చివరిదాకా వినబడేలా ఏడ్చింది. ఎవరూ నోరు మూయమనలేదు. ఏడ్చి ఏడ్చి ఊరుకుంది. బాలి కాసేపు తానే వాయించి, విసుగొచ్చి, గరిట తెచ్చి మోతీ ఒళ్లో పడేసింది.

వదిన అప్పటికి గాని వంగలేదు.

*

కోత సగం దాటాక వదిన వేళ్లు పగిలాయి. ఆ మధ్యాహ్నం చెంచా కూడా పట్టలేకపోయింది. మిగతావాళ్లు తింటుంటే ఆమె చేతులు రెండూ చల్లటి మట్టికుండకు ఆనించి కూర్చుంది.

"ఆగు వదినా, గీ చంటిదాన్ని పండబెట్టి నేను పెడ్త" అన్నాను.

"నేను పెడ్త" అంది మోతీ.

నా దగ్గరికి వచ్చి చేతులు చాపింది. నీళ్లు పోశాను. వేళ్ల సందులు కూడా రుద్దుకుంది. టిఫిన్ డబ్బా తీసుకుని వాళ్ల అమ్మ ముందు కూర్చుంది.

"మఠమేసుకో."

వదిన నవ్వుతూ కాళ్లు మడుచుకుంది.

"చేతులు మోకాళ్ల మీద."

"అబ్బో" అంది ముత్తక్క. "పెద్ద మేడమొచ్చిందే."

వదిన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుంది. మోతీ అన్నం పిసికి, తన గుప్పెటకు ఎంత పట్టిందో అంత ముద్ద చేసింది.

"నోరు తెరువ్."

పెట్టింది. ముద్ద పెద్దది. వదిన బుగ్గ ఉబ్బింది.

"నమలు. మంచిగ నమలు. మింగు."

మింగేలోపే ఇంకోటి తయారైంది. "మింగు అంటే మింగాలె. ఏదీ, చూపెట్టు."

ఆడవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. వదినా ముద్ద నోట్లో పెట్టుకునే నవ్వుతోంది. నీళ్ల కోసం ఒక చెయ్యి ఎత్తింది.

"చెయ్యి" అంది మోతీ.

గొంతు పెంచలేదు. కోపం లేదు. అచ్చం వదిన అన్నట్టే అంది. వదిన చెయ్యి దానంతటదే తిరిగి మోకాలి మీదికి పోయింది. ముత్తక్క నవ్వు ఆపి మోతీ వైపు చూసింది.

మూడో ముద్దకు వదిన తల అడ్డంగా ఊపింది. మోతీ ఎడమ చేత్తో ఆమె గడ్డం పట్టుకుంది, కుడి చేత్తో ముద్ద తోసింది. ఊపిరాడక వదిన తల వెనక్కి లాక్కుంది. దవడలు మూసుకున్నాయి.

మోతీ చటుక్కున వేలు లాక్కుంది. వేలు చూసుకుంది. దాని మీద రెండు పళ్ల గుర్తులు.

"అమ్మ కరిచింది" అంది.

ఏడవలేదు. ఎక్కడో విన్న సంగతి కళ్లతో చూసినట్టు అంది.

ముత్తక్కకు నవ్వు ఆగలేదు. "ఇగ టీచరమ్మకు జెప్పాలె, తల్లిని గూడ బడికి రానియ్యొద్దని."

అందరూ నవ్వారు. వదిన మాత్రం నవ్వలేదు. నోట్లో అన్నంతో అలాగే కూర్చుంది, కళ్లు మోతీ వేలి మీదే ఉన్నాయి.

మోతీ డబ్బాలోకి చూసింది. వాళ్ల అమ్మ మొహంలోకి చూసింది.

"వద్దా?" అని అడిగింది.

వదిన మెల్లగా మింగింది. "వద్దు బిడ్డా. కడుపు నిండింది."

"సరే" అని మోతీ డబ్బా మూత పెట్టింది. గరిట తీసుకుని కోతుల మీదికి పోయింది.

*

సాయంత్రం తండాకు నడుస్తుంటే వదిన అందరి వెనక నాతో ఆగింది. కోత నుంచి వచ్చే ఆడవాళ్లందరిలాగే చేతులు ఒంటికి తగలకుండా ఎడంగా పెట్టుకుని నడుస్తోంది. ముందు మోతీ, బాలి గెంతుతూ పోతున్నారు.

"సరళా, నేను గట్లనే అంటనా?"

"ఏది వదినా?"

"చెయ్యి అని."

"అవ్."

కొంచెం దూరం నడిచాక మళ్లీ అడిగింది. "గదే గొంతా?"

"అవ్ వదినా."

మోతీ ఒక రాయి మీదికి ఎక్కి దూకింది. దూకేముందు అలవాటుగా వెనక్కి తిరిగి చూసింది. వదిన నోరు తెరిచి, మూసుకుంది. మోతీ దూకింది, మోకాలి మీద పడింది, దులుపుకుంది.

ఆ పూట కంచం ముందు వదిన అడిగింది. "ఇంకో ముద్ద తింటవా... చాలా?"

ఆమెకు ఆ ప్రశ్న కొత్త. మోతీకి ఇంకా కొత్త. కాసేపు ఆలోచించి, నిజమో కాదో చూద్దామన్నట్టు "చాలు" అంది. కంచంలో సగం అట్లాగే ఉంది. మా అన్న తింటున్నవాడు ఆగిపోయాడు.

"సరే" అంది వదిన.

అమ్మ ఆ అన్నం కోళ్లకు వేసింది. కొంతసేపటికి మోతీ వచ్చి వాకిట్లో ఉన్న వదిన ఒళ్లో తల పెట్టింది. "ఆకలైతున్నది" అంది. వదిన లేచి మళ్లీ వడ్డించింది. ఒక్క మాట కూడా అనలేదు. ఆ ఒక్క మాట అనకుండా ఉండడానికి ఆమె ఎంత కష్టపడిందో నాకు కనబడింది.

ఒక్క రోజులో ఎవరూ మారరు. మరునాడు చేనులో వదిన మళ్లీ కేకలు వేసింది, ముత్తక్క మళ్లీ రైలన్నది. కానీ కేక సగంలో ఆగిపోయే రోజులు కూడా వచ్చాయి. నా ముంజేతి మీద గాట్లు మానిపోయాయి. కొత్తవి పడలేదు.

*

ఆఖరి బస్తాలు ఖమ్మం మార్కెట్‌కు పోయాయి. ఉగాది పచ్చడి తిన్నాం. మోతీని బడికి తీసుకుపోయే రోజు వదిన పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. నన్నూ రమ్మంది. గేటు దగ్గర నాగలత టీచర్ మోతీ తల నిమిరి, వదిన వైపు చూసింది.

సాయంత్రం దాకా మేము ఇంటికి పోలేదు. బడి ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్ల మీదే కూర్చున్నాం. లోపల ఏ పిల్ల ఏడ్చినా వదిన లేచి నిలబడేది.

గంట కొట్టాక టీచర్ మోతీ చెయ్యి పట్టుకుని వచ్చింది.

"బొమ్మ దగ్గర పెద్ద గొడవ చేసింది సువర్ణా. 'నాది, నేను ఇయ్య' అని బడి ఎగిరిపోయేటట్టు అరిచింది. అన్నం సగం కింద పోసింది."

వదిన మొహం పాలిపోయింది. "కరిచిందా మేడం?"

"లేదు. కరవలేదు. అరిచింది అంతే. అరిస్తే అరవనీ, నాకు అలవాటే. రేపు తీసుకురా."

ఆటోలో వదిన మోతీ మణికట్టు పట్టుకోలేదు. మోతీయే వదిన వేలు పట్టుకుంది.

మరునాడు పొద్దున్నే వాకిట్లో మోతీ చెప్పులతో కుస్తీ పడుతోంది. ఎడమది కుడికాలికి వేసుకుంది, విప్పింది, మళ్లీ వేసుకుంది. పట్టీ బకిల్‌లోకి దూరడం లేదు. బయట ఆటో హారన్ కొడుతోంది. వదిన వంగింది, చేతులు ముందుకు వెళ్లాయి. అంతలో రెండు చేతులనూ చంకల్లో దాచుకుని నిటారుగా నిలబడింది.

మోతీ తలెత్తి చూసింది.

"ఇంక మండుతున్నయా అమ్మా చేతులు?"

కాయ అమ్ముడుపోయి చాలా రోజులైంది. వేళ్ల పగుళ్లు కూడా మానిపోయాయి. పొద్దున ఆ చేతులతోనే మోతీకి జడ వేసింది, కొంచెం వదులుగా.

"అవ్ బిడ్డా" అంది వదిన. "ఇంక జర మండుతున్నయ్."

"సరే, ఆగు" అని మోతీ మళ్లీ పట్టీ మీదికి వంగింది. ఆటో ఇంకోసారి హారన్ కొట్టింది. ఆగమని నేను చెయ్యి ఊపాను.